ఐదు రోజుల ట్రైనింగ్‌తో ఊరికో వికలాంగుల హక్కుల కార్యకర్త తయారవుతారా?

ప్రశ్న కాస్త పెద్దగా ఉంది కాబట్టి నాకు అర్థమైంది ముందు రాస్తా. మీది పాడేరు వైపు మూడు మండలాల్లో పనిచేసే చిన్న సంస్థ. డిగ్రీ అయిన ఇరవై మంది కుర్రాళ్లని ఎంచుకుని, విశాఖలో ఐదు రోజులు హాల్ తీసుకుని, వికలాంగుల చట్టం మీద లాయర్లతో చెప్పించి, సర్టిఫికెట్లు ఇచ్చి ఊళ్లకి పంపుదామనుకుంటున్నారు. సిలబస్ ఏం పెట్టాలి, ఐదు రోజులు చాలా, అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే ఈ పద్ధతిలో అయితే పదిహేను రోజులు పెట్టినా చాలదండి. రోజులు తక్కువయ్యాయని కాదు, అన్నీ ఒకేసారి ఊరికి దూరంగా పెట్టడం దగ్గర వస్తుంది ఇబ్బంది. అదే డబ్బుతో మొదట రెండు రోజులు పాడేరులోనే పెట్టండి, తర్వాత నెలకో రోజు చొప్పున ఏడాది పాటు కూర్చోబెట్టండి, మధ్యలో ఒక్కొక్కరి చేతిలో రెండు మూడు నిజం కేసులు ఉండాలి. ఒక మనిషి కాగితాన్ని మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి నడిపించినవాళ్లే కార్యకర్తలవుతారు, మిగతాదంతా ఆ నడకలోనే వస్తుంది. నేను వెలుగు ప్రాజెక్టు (పేదరిక నిర్మూలన పథకం) కింద మండల వికలాంగుల సమాఖ్యలు పెట్టిన రోజుల్నించి ఇందులో ఉన్నా, ఇప్పుడు ఎక్కువగా ట్రైనింగులే చేస్తున్నా. హాల్లో నోట్సు బాగా రాసుకున్నవాళ్లకీ ఊళ్లో పని తెగ్గొట్టుకొచ్చేవాళ్లకీ పెద్దగా సంబంధం ఉండదని ఇన్నేళ్లలో చూశా.

ముందు ఎవర్ని తీసుకోవాలో చెప్తా, ఎందుకంటే సగం పని ఇక్కడే తేలిపోతుంది. డిగ్రీ కుర్రాళ్లు వద్దని అనను గానీ వాళ్లకి కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే కోచింగ్‌కి పోతారు, లేదా గాజువాకలో ఏదో ఉద్యోగం దొరుకుతుంది, పోవాలి కూడా, తప్పేం లేదు. మీకు కావాల్సింది ఐదేళ్ల తర్వాత కూడా ఆ ఊళ్లోనే ఉండే మనిషి. వికలాంగులే అయితే మొదటి ప్రాధాన్యం వాళ్లకి, తర్వాత వికలాంగ పిల్లల తల్లులు. పదో తరగతి, స్మార్ట్‌ఫోన్‌లో ఫోటో తీసి పంపడం వస్తే చాలు. పోలియో కాలుతో తన పింఛను కోసం ఏళ్ల తరబడి ఆఫీసులు తిరిగిన ఆవిడకి ఏ టేబుల్ దగ్గర ఏం అడుగుతారో ముందే తెలుసు, మీరు నేర్పాల్సింది చాలా తక్కువ. సగం మంది ఆడవాళ్లు ఉండేలా చూడండి, పెళ్లీడు అమ్మాయికి వైకల్యం ఉంటే ఆ తల్లి ఇరవై రెండేళ్ల కుర్రాడితో ఏం మాట్లాడుతుంది? మీ ఏరియాలో కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడే ఊళ్లున్నాయి కదా, ఆ భాష వచ్చినవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉండి తీరాలి, తెలుగులో అడిగితే ముసలివాళ్లు అన్నిటికీ తలూపుతారు, మీరు అర్థమైందనుకుని రాసుకుంటారు.

చూపులేని వాళ్లని, చెవిటివాళ్లని కూడా తీసుకోండి. చూపులేనివాళ్లు ఫోన్‌లో టాక్‌బ్యాక్ (స్క్రీన్ మీదది చదివి వినిపించేది) పెట్టుకుని మీ కుర్రాళ్ల కన్నా వేగంగా వాట్సాప్ వాడతారు. చెవిటివాళ్లని తీసుకుంటే సైన్ ఇంటర్‌ప్రెటర్ ఖర్చు మొదటి బడ్జెట్లోనే రాసుకోండి, తర్వాత చూద్దాం అంటే ఆ మనిషి ఏడాదంతా గోడవారన ఊరికే కూర్చుంటాడు.

ఇక సిలబస్. చాలా ట్రైనింగులు ఐక్యరాజ్యసమితి ఒడంబడికతో మొదలవుతాయి, 2006లో ఆమోదించారు, 2007లో ఇండియా ఒప్పుకుంది, అని మొదటి స్లైడు. మధ్యాహ్నానికి సగం మంది నిద్ర. అది చెప్పొద్దనను, నాలుగో నెలలో చెప్పండి, అప్పటికి వాళ్ల దగ్గర తగిలిన దెబ్బలుంటాయి కాబట్టి వింటారు. మొదటి రెండు రోజులూ ఒక్క సర్టిఫికెట్ మీదే పెట్టండి. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి ఇచ్చే కాగితం, దాంతోపాటు యూడీఐడీ కార్డు, అంటే దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు. పింఛను, బస్సు పాసు, రైలు రాయితీ, స్కాలర్‌షిప్, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, ఉన్నత చదువుల్లో 5 శాతం సీట్లు, వీటికన్నిటికీ గుమ్మం అదే. 40 శాతం, ఆపైన ఉంటేనే ఈ లబ్ధుల్లో చాలావాటికి లెక్క.

ఆ సర్టిఫికెట్ దారిని బోర్డు మీద గీయండి. ఆధార్, ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు, సచివాలయంలో స్లాట్ బుకింగ్, మెసేజ్, ఆసుపత్రిలో క్యాంపు, డాక్టర్ పరీక్ష, శాతం, సర్టిఫికెట్, ఆ తర్వాత పింఛను దరఖాస్తు. గీసి, ఎక్కడెక్కడ తెగుతుందో వాళ్లనే చెప్పమనండి. పుస్తకాల్లో లేనివన్నీ వస్తాయి. మా బ్యాచ్‌లో ఒకావిడకి వచ్చిన కేసు చెప్తా. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతో ఒళ్లు స్వాధీనంలో ఉండదు) ఉన్న పిల్ల, పదహారు పదిహేడేళ్లుంటాయి, ఎప్పుడూ పడుకునే ఉంటుంది. రెండుసార్లు స్లాట్ పెట్టారట, రెండుసార్లూ "గైర్హాజరు" అని ఉంది. ఇంట్లో వాళ్లేమో మమ్మల్ని ఎవరూ పిలవలేదంటారు, సచివాలయంలో మెసేజ్ వెళ్లిందంటారు. మా కార్యకర్త గొడవ పెట్టుకోకుండా ఒక్కటే అడిగింది, "మెసేజ్ ఏ నంబరుకి వెళ్లింది తమ్ముడూ, ఒకసారి చదువు" అని. చదివితే అది ఆ పిల్ల మేనమామ నంబరు, ఆయన చెన్నైలో పనికి పోయి సిమ్ మార్చేసి చాలా కాలమైంది. నంబరు మార్పించారు. తర్వాత ఇంకో చిక్కు, పిల్ల వేళ్లు బిగుసుకుపోయి వేలిముద్ర పడదు, కంటి పాపతో చేయించాల్సొచ్చింది. తర్వాత రోడ్డు దాకా మోసుకురావడం, ఆటో, రాత్రి పాడేరులో ఎక్కడ పడుకోవాలి. చట్టంలో ఏ సెక్షనూ దీనికి పనికిరాలేదు, ఆ నంబరు ఎవరిదని అడగడమే పనికొచ్చింది. ఈ కేసుని నేను ప్రతి బ్యాచ్‌కీ పేర్లు తీసేసి ఇస్తా, ఎక్కడ తెగిందో కనిపెట్టమంటా.

సర్టిఫికెట్ వచ్చాక కూడా దాన్ని చదవడం నేర్పండి. శాశ్వతమా, తాత్కాలికమా, తాత్కాలికమైతే ఏ తేదీ వరకు, ఇది చూసుకోక పింఛను ఆగిపోయాక పరుగెత్తుతారు. ఏపీలో 2025లో వికలాంగుల పింఛన్లకి రీవెరిఫికేషన్ అయ్యి నోటీసులు వచ్చినప్పుడు ఎంత గందరగోళమైందో మీరు చూసే ఉంటారు, పాత పరీక్షల రిపోర్టులు ఉంచుకున్నవాళ్లు అప్పీలు పెట్టుకోగలిగారు, సర్టిఫికెట్ జిరాక్సు ఒక్కటే ఉన్నవాళ్లు చేతులు పిసుక్కున్నారు. డబ్బు తేడా చిన్నదేం కాదు, ఏపీలో 2024 నుంచి వికలాంగుల పింఛను 6000, పూర్తిగా మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవాళ్లకి 15000, ఏ కేటగిరీలో పడ్డారన్నది కుటుంబానికి చాలా పెద్ద విషయం. తెలంగాణ వాళ్లెవరైనా చదువుతుంటే, మీ దగ్గర 2023లో 4016 చేశారు, దారి కూడా వేరు, నేను చెప్పే సచివాలయం మాటలు మీకు అలాగే వర్తించవు.

ఇంకోటి, మీ ఏరియాకి మరీ ముఖ్యం. వికలాంగుల కోసం వచ్చిన 1995 చట్టంలో వైకల్యాలు 7, దాని బదులు వచ్చిన 2016 చట్టంలో 21 అయ్యాయి, ఈ కొత్తది 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఊళ్లో వికలాంగుల లిస్టు రాయమంటే ఇప్పటికీ కాలు, చేయి, కన్ను, చెవి, అక్కడితో ఆపేస్తారు. సికిల్ సెల్, తలసీమియా అనే రక్తపు జబ్బులు కూడా అందులో ఉన్నాయి, ఏజెన్సీలో సికిల్ సెల్ ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. మనిషి చూడ్డానికి బాగానే ఉంటాడు, నొప్పులు వచ్చినప్పుడు పది రోజులు లేవలేడు, ఊళ్లో సోమరి అని పేరు. క్యాంపుకి ఊరికే తీసుకెళ్తే తిప్పి పంపుతారు, జబ్బుని తేల్చే రక్త పరీక్షల రిపోర్టు, హెచ్‌పీఎల్‌సీదో ఎలక్ట్రోఫోరెసిస్‌దో, పట్టుకెళ్లాలి. అలాగే జబ్బు ఉన్నవాళ్లు వేరు, క్యారియర్లు (జబ్బు లేకుండా జన్యువు మాత్రమే ఉన్నవాళ్లు) వేరు, క్యారియర్‌కి సర్టిఫికెట్ రాదు, ఈ తేడా మీ కార్యకర్తకి తెలియకపోతే ఊరందరికీ ఆశ పెట్టి తర్వాత మాట పడతారు. ఏపీలో సికిల్ సెల్ వాళ్ల పింఛను కేటగిరీ కూడా వేరే ఉంటుంది. మానసిక జబ్బులు కూడా 21లో ఉన్నాయి, ఆ ఇళ్లకి మాత్రం మొదటి నెలల్లో కొత్తవాళ్లని ఒంటరిగా పంపొద్దు.

ఆఫీసులో మాట్లాడటం ప్రాక్టీసు చేయించాలి, చెప్తే రాదు. నేను కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ అధికారిలా చేస్తా. ఒకరు వికలాంగుడు, ఒకరు కార్యకర్త. "సైట్ పనిచేయట్లేదు, రేపు రండి" అంటా. మొదటిసారి నూటికి తొంభై మంది "సరే సార్" అని లేచి వెళ్లిపోతారు, ఒకరిద్దరు అరుస్తారు. రెండూ వద్దు. మూడు అడగాలి: రేపు వస్తే ఎవర్ని కలవాలి, ఈ రోజు వచ్చినట్టు దరఖాస్తు మీద తేదీ వేసి సంతకం పెడతారా, కుదరదంటే ఎందుకు కుదరదో రాసిస్తారా. "రాసివ్వండి సార్" అనే మాట మెత్తగా, నవ్వుతూ, కుర్చీలోంచి లేవకుండా అనడం రావాలి. అది వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయిస్తా. రశీదు లేని దరఖాస్తు పెట్టనట్టే లెక్క, కలెక్టరేట్‌లోనో ఐటీడీఏలోనో (గిరిజనాభివృద్ధి సంస్థ) గ్రీవెన్స్‌కి పోయినా మొదట అడిగేది ఇంతకుముందు ఎక్కడ పెట్టారనే.

ఈ ప్రాక్టీసులో ఇంకోటి కూడా చూస్తా. నేను కావాలని కార్యకర్త వంకే చూసి మాట్లాడతా, "ఈయనకి ఏమైంది, పేరేంటి" అని. చాలామంది వెంటనే జవాబు చెప్పేస్తారు. అక్కడ ఆపుతా. పక్కనున్న మనిషి వైపు తిరిగి "నువ్వు చెప్పు బాబాయ్" అనాలి, ఆయనకి మాట తడబడితే టైం ఇవ్వాలి, సార్ విసుక్కున్నా సరే. కార్యకర్తలు రెండేళ్లు తిరిగేసరికి వాళ్లే నాయకులైపోయి, వికలాంగుడేమో ఫైలు పక్కన సంచిలా కూర్చుంటాడు, దీన్ని మొదట్లోనే అలవాటు కాకుండా చూడకపోతే తర్వాత మాన్పించడం నా వల్ల కాలేదు ఎవరి వల్లా కాలేదు.

కుటుంబం ఒకటి కోరుతుంది, ఆ మనిషి ఇంకోటి కోరతాడు, ఇది తప్పకుండా వస్తుంది. బుద్ధిమాంద్యం ఉన్న తమ్ముడి పేరు మీద ఎకరం ఉంది, అన్న వచ్చి గార్డియన్ కాగితం ఇప్పించమంటాడు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగిటికీ 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద పద్దెనిమిదేళ్లు దాటాక కలెక్టర్ కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. 2016 చట్టం సెక్షన్ 14 మాత్రం పరిమిత గార్డియన్ అంటుంది, అంటే ఆ మనిషితో కలిసి నిర్ణయం తీసుకునే ఏర్పాటు. దానికి ముందు సెక్షన్ 13 ఆస్తి ఉంచుకునే హక్కు వికలాంగులకి మిగతావాళ్లతో సమానమని చెప్తుంది. మీ కార్యకర్త అన్నగారి తరఫు మనిషి కాదు, తమ్ముడి తరఫు. ఇది నోటితో అనడం తేలికే, అన్న అదే ఊరి వార్డు మెంబరైతే కష్టం, అందుకే అలాంటి కేసు వచ్చినప్పుడు పక్క ఊరి కార్యకర్తకి మార్చే ఏర్పాటు పెట్టుకోండి.

సెక్షన్ నంబర్లు బట్టీ పట్టించకండి, ఏ కష్టానికి ఏ గుమ్మం అన్నది ఒక అట్ట మీద రాసి ఇవ్వండి. బడిలో చేర్చుకోనంటే ఎంఈవో (మండల విద్యాధికారి), 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో ఉచిత చదువు 2016 చట్టం సెక్షన్ 31 హక్కు, వికలాంగ పిల్లల కోసం ఉండే భవిత సెంటర్ ఎక్కడుందో కూడా తెలియాలి. ఇంట్లో కొడుతున్నారు, కట్టేస్తున్నారంటే సెక్షన్ 7 కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కి ఫిర్యాదు, మన దగ్గర తహసీల్దారే. ఆఫీసులు కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఉత్తరం, ఆ కమిషనర్‌కి సాక్షుల్ని పిలిపించడంలో సివిల్ కోర్టు అధికారాలున్నాయి. లాయరు కావాలంటే 15100 హెల్ప్‌లైన్‌కి ఫోన్, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో మాట్లాడి మీ బ్యాచ్‌లో కొందరిని పారా లీగల్ వాలంటీర్లుగా తీసుకుంటారేమో అడగండి, ఆ గుర్తింపు కార్డు మెడలో ఉంటే పోలీస్ స్టేషన్‌లో కుర్చీ వేస్తారు.

అత్యాచారం, వేధింపుల కేసుల గురించి విడిగా ఒక రోజు పెట్టాల్సిందే. ఇక్కడ కార్యకర్త చేయకూడనివి ముందు నేర్పాలి. ఏం జరిగిందని పదే పదే అడగొద్దు, ఫోన్‌లో రికార్డు చేయొద్దు, ఊరి పెద్దలు మాట్లాడి సర్దేస్తామంటే ఆ కూర్చోవడానికి పోవద్దు. పద్దెనిమిదేళ్ల లోపు అయితే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం), విషయం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేయడం తప్పనిసరి. వికలాంగురాలైన మహిళ అయితే పోలీసులే ఆమె ఇంటికో ఆమెకి వీలైన చోటుకో వచ్చి, ఇంటర్‌ప్రెటర్‌నో స్పెషల్ ఎడ్యుకేటర్‌నో పెట్టుకుని ఫిర్యాదు రాసుకోవాలి, దాన్ని వీడియో తీయాలి, ఇది ఇప్పుడు పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 173లో ఉంది. చెవిటి అమ్మాయి ఇంట్లో వాడే సైగలు వేరు, పట్నంలో నేర్చిన సైన్ లాంగ్వేజ్ వేరు, ఇంటర్‌ప్రెటర్ వచ్చినా ఆమె సైగలు తెలిసిన మనిషి కూడా పక్కన ఉండాల్సి రావచ్చు. ఇలాంటి కేసులో మీ కార్యకర్త చేసేది ఫోన్ చేయడం, తోడు వెళ్లడం, అంతవరకే. ఆ ఫోన్ ఎవరికి చేయాలో, రాత్రి పదింటికి కూడా ఎత్తే మనిషి ఎవరో మీ సంస్థ ముందే తేల్చి ఉంచాలి.

డబ్బు విషయం చాలామంది మొహమాటపడతారు. నెలకి ఇంతని గౌరవ వేతనం, పైన బస్సు, ఆటో ఖర్చు బిల్లు పెట్టకుండా ఒక లెక్క ప్రకారం ఇచ్చేయండి, కొండ మీది ఊళ్లలో ఆటో వాడు బిల్లు ఇవ్వడు. పింఛనుకి ఇంత అని ఇన్సెంటివ్ మాత్రం పెట్టకండి, పెడితే తేలికైన కేసులే పట్టుకుంటారు, ఇంకో ఏడాదికి కుటుంబం దగ్గర కూడా తీసుకోవడం మొదలవుతుంది, అసలే ప్రతి మండలంలో సదరం పేరు చెప్పి డబ్బులు గుంజే దళారులున్నారు. కుటుంబం దగ్గర కోడిపెట్ట కూడా తీసుకోకూడదని మొదటి రోజే చెప్పండి. నవ్వుతారు, కానీ గుర్తుంటుంది.

ఇంటింటికీ తిరగమని టార్గెట్ పెట్టొద్దు. మీ దగ్గర వారపు సంత ఉంటుంది, కొండ మీది ఊళ్లన్నీ ఆ రోజు కిందకి దిగుతాయి. సంతలో ఒక చోటు ఖాయం చేసుకుని ప్రతి వారం అక్కడే కూర్చుంటే రెండు నెలల్లో జనమే వెతుక్కుంటూ వస్తారు. రానివాళ్ల గురించి కూడా అక్కడే తెలుస్తుంది, "మా వదిన కూతురు కూడా ఇలాగే" అని ఎవరో ఒకరు అంటారు. ఆ పేర్లు నోట్‌బుక్‌లో రాయాలి, తేదీ, ఏ ఆఫీసు, ఎవరు ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు. యాప్ చేయించకండి మహాప్రభో, సిగ్నల్ లేని చోట యాప్ ఏం చేసుకుంటాం. నెలవారీ రోజున ఆ నోట్‌బుక్‌లే సిలబస్, ఎవరి కేసు ఎక్కడ ఆగిందో చదివితే మిగతావాళ్లు దారి చెప్తారు. ఒకే వైపు ఊళ్ల నుంచి ముప్పై నలభై మంది పేర్లు పోగైతే ఆ లిస్టు పట్టుకుని ఐటీడీఏ పీవోని (ప్రాజెక్ట్ ఆఫీసర్) కలిసి, సదరం క్యాంపు అక్కడి ఆసుపత్రిలోనే పెట్టమని అడగొచ్చు, ఒక్కరి కోసం అడిగితే ఎవరూ వినరు, లిస్టుకి విలువ ఉంది.

ఏడాది నిలబడ్డవాళ్లని పైకి పంపడానికి దారులున్నాయి. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, మెల్‌బోర్న్ యూనివర్సిటీ కలిసి 2021లో ఆరు నెలల కోర్సు మొదలుపెట్టాయి, అందులో తయారైనవాళ్లని దివ్యాంగ మిత్ర అంటారు, అచ్చంగా ఊళ్లలో పనికోసం పెట్టిందే. బుద్ధిమాంద్యం, ఆటిజం పిల్లల విషయంలో సలహా కావాలంటే సికింద్రాబాద్‌లో బుద్ధిమాంద్యం మీద పనిచేసే కేంద్ర సంస్థ నీపిడ్ ఉంది, నెల్లూరులో వికలాంగుల పునరావాస కేంద్రం సీఆర్‌సీ ఉంది. ఎక్కువ ఆశ పెట్టకుండా ఏడాది నిలబడ్డవాళ్లలో ముగ్గురు నలుగురినే పంపండి, మొదటి నెలలోనే అందరినీ పంపితే కోర్సు సర్టిఫికెట్ తీసుకుని వేరే ఉద్యోగానికి పోతారు.

మీరు చివర్లో అడిగిన రిపోర్టు సంగతి. డోనర్‌కి "ఎంతమందికి అవగాహన కల్పించాం" అని రాయాల్సొస్తుంది, రాయండి, తప్పదు. మీ లోపల మాత్రం వేరే లెక్క పెట్టుకోండి: మొదలుపెట్టిన కేసుల్లో ఎన్ని తేలాయి, ఎన్ని రాతపూర్వకంగా తిరస్కరించారు, ఎన్ని అసలు ఏ జవాబూ లేకుండా పడున్నాయి. మూడోదే మీ ట్రైనింగ్ ఎక్కడ వీక్‌గా ఉందో చెప్తుంది.

తేదీల గురించి కూడా ఒక మాట. వానాకాలంలో మొదలుపెట్టకండి, గెడ్డలు (వాగులు) పొంగితే సగం మంది రాలేరు. కాఫీ పళ్లు కోసే రోజుల్లో పెడితే తల్లులు కూలి పోగొట్టుకుని రారు, మీరు ఆ కూలి ఇస్తానంటే తప్ప. చైత్రంలో గిరిజనుల ఇటుకల పండగ, అప్పుడూ వద్దు. ఫిబ్రవరి నయమనిపిస్తుంది నాకు, కానీ మీ ఊళ్ల సంగతి మీకే బాగా తెలుసు. హాల్ కింద అంతస్తులో ఉందా, బాత్రూం తలుపులోంచి వీల్‌చెయిర్ పడుతుందా, టేపు పట్టుకెళ్లి కొలిచాకే అడ్వాన్సు ఇవ్వండి.